అడగకుండా

పడవ దిగిన మనిషి ఎవరినీ పలకరించలేదు. నేరుగా అపకూకి అనే ఆసామి తోటలోకి నడిచి, ఏపుగా పెరిగిన చేమ మొక్కను దుంపతో సహా పీకాడు.

అంతటితో ఆగలేదు. లేత చేమాకులు కోశాడు. కంచె పక్కన తిరుగుతున్న కోడిని పట్టుకుని చంకలో పెట్టుకున్నాడు.

మాంసం పాతి వండే లోవో గోతిలో రాళ్ళు కాల్చుకుంటున్న అపకూకి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చూసినకొద్దీ ఒళ్ళు మండింది.

అసలే అతను చికాకులో ఉన్నాడు. వారం రోజులుగా తల్లి ముద్ద ముట్టడం లేదు. ఊరంతా 'బూ' అని పిలిచే ఆ ముసలమ్మ ఏం పెట్టినా మొహం తిప్పుకుంటోంది. గోతిలో కాల్చిన పంది మాంసమైనా తింటుందేమోనని ఆఖరి ఆశ. అలాంటి పూట ఈ దొంగ తగిలాడు.

"ఏయ్! ఇది నీ మేనమామ తోటనుకున్నావా, చెప్పాపెట్టకుండా పీకడానికి? మా దీవిలో మేనల్లుడికి తప్ప ఆ హక్కు ఎవడికీ లేదు!"

అతను అపకూకి మొహంలోకి కాసేపు చూశాడు. నవ్వబోయి మానేశాడు.

"వంటవాణ్ణి. పదకొండు దేశాల్లో వండాను."

ఆ మాట అనకపోతే బాగుండేది.

"అదీ సంగతి!" అపకూకి భార్య తితిలియా చెంబు కింద పెట్టి లేచింది. "పోయినేడు కూడా ఒకడొచ్చాడు. కడుపునిండా తిన్నాడు, ఫోటోలు తీసుకున్నాడు, మా వంటకి వాడి పేరు పెట్టుకుని అమ్ముకుంటున్నాడు. నువ్వు వాడి తమ్ముడివా?"

"కాదమ్మా."

"చేతిలో కానుకగా కావా వేరైనా లేదు. ఊళ్ళోకొచ్చే తీరు ఇదేనా? మీ దేశాల్లో ఇలాగే చేతులూపుకుంటూ పోతారా?"

అతను కోడిని కోసి, ఈకలు పీకుతూ కూర్చున్నాడు. చేతుల నిండా కాలిన మచ్చలు.

అపకూకి కత్తి అందుకున్నాడు. తితిలియా ఆపింది.

"ఉండు. కోడి మనదే, దుంప మనదే. ఆ ఈకలేవో వాణ్ణే పీకనీ."

"మా అమ్మ చేమాకుల్లో పెట్టి కోడిని వండేది," అన్నాడతను తల ఎత్తకుండా. "ఆవిడ పోయాక ఆ రుచి ఎక్కడా దొరకలేదు. పెరూలో మట్టిలో పాతి వండుతారు. మెక్సికోలో అరిటాకుల్లో చుట్టి పాతుతారు. న్యూజిలాండ్‌లో మావోరీల గోతి దగ్గర ఏడాది పని చేశాను. ఎక్కడా కుదరలేదు."

"దేశదేశాలా గోతులు తవ్వుకుంటూ వచ్చావన్నమాట," అన్నాడు అపకూకి. "మా కుక్కా అదే పని చేస్తుంది. దానికి పడవ ఖర్చు లేదు."

చుట్టూ చేరిన ఊరివాళ్ళు పగలబడి నవ్వారు. అతను కొబ్బరిపాలు పిండి, అటు తిరిగి కూర్చుని, కోడిని ఆకుల్లో చుట్టాడు. లోపల ఏమేం పెట్టాడో ఎవరూ చూడలేదు. చుట్టను తీసుకెళ్ళి వేడిరాళ్ళ మధ్య ఉంచాడు.

"ఈ ఇంట్లో వంట ఎవరిది?"

"మా అమ్మది. పదూళ్ళలో పేరు."

"ఆడపిల్లలకెవరికైనా నేర్పిందా?"

"మా ఇంట్లో ఆడపిల్లల్లేరు. పుట్టనే లేదు."

చుట్ట మీద ఆకులు కప్పుతున్న అతని చెయ్యి ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు నేలచూపులు చూశారు.

అతను లేచి చేతులు దులుపుకున్నాడు. "ఒక్కసారి లోపలికెళ్ళి పెద్దావిడని చూడొచ్చా?"

వచ్చినప్పటి నుంచీ అతను అనుమతి అడిగింది ఆ ఒక్కదానికే.

"గడప తొక్కితే కాలు నరుకుతా," అన్నాడు అపకూకి. అతని సంచీని కాలితో ఇసకలోకి తోశాడు. "పడవ పోయేలోపు నువ్వూ పో."

అతను సంచీ తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆ చుట్ట మాత్రం ఆవిడకి పెట్టండి," అని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలాక గోతి మీద కప్పిన మట్టి తీశారు. బూ పంది మాంసం వైపు కన్నెత్తి చూడలేదు. పక్కనున్న చేమాకుల చుట్టను తితిలియా విప్పగానే మాత్రం తల తిప్పింది.

"అదిటు తే."

ఒక ముద్ద తింది. రెండోది తనే చెయ్యి చాచి తీసుకుంది. అపకూకికి ప్రాణం లేచొచ్చింది.

మూడో ముద్దలో బూ వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీస్తే, నల్లటి గులకరాయి.

"కాలిన గులకరాయి కొబ్బరిపాలల్లో వేసి చుట్టడం కోడలికి కూడా నేర్పలేదు," అంది బూ. "సెనిమిలి ఒక్కదానికే నేర్పాను. అది వచ్చిందా?"

నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో పలకని పేరది. ఓడలో వంటవాడితో వెళ్ళిపోయిన చెల్లెలి పేరు ఎవరూ ఎత్తకూడదని శాసించింది అపకూకే.

'ఆవిడ పోయాక' అన్న మాట అపకూకికి అప్పుడు గుర్తొచ్చింది. అది తల్లికి చెప్పే ధైర్యం లేకపోయింది.

"ఎవడో వంటవాడు వచ్చాడమ్మా," అన్నాడు. "దుంప పీకాడు. కోడిని పట్టుకున్నాడు. అడక్కుండా."

"అడక్కుండానా?"

"ఆఁ."

"పేరేంటి?"

అపకూకి తితిలియా వైపు చూశాడు. తితిలియా తల దించుకుంది. వాళ్ళూ అడగలేదు.

అపకూకి కత్తి అక్కడే పారేసి రేవుకి పరుగెత్తాడు. నీళ్ళ మీద పడవ జాడ కూడా లేదు. మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి, పిలవడానికి పేరు తెలియక, ఉత్తి కేకలు వేసి తిరిగొచ్చాడు.

బూ గులకరాయిని గుప్పిట్లో పట్టుకుని గుమ్మం వైపే చూస్తోంది.

"అడుగుతాడెందుకురా?" అంది. "వాడు నీ మేనల్లుడు."