పన్నెండణాల ఆవు

"పద్నాలుగణాల కోడె అయితే సరిపోదా సారూ?" గంగులప్ప మూడోసారి అడిగాడు.

పశువుల ఆస్పత్రి కాంపౌండర్ జయరావుకు ఓపిక ఎక్కువే. కానీ ఆ పూట ఎండ అంతకంటే ఎక్కువగా ఉంది. మోపెడ్‌కు స్టాండు వేసి, పుల్ల తీసుకుని మట్టిలో మళ్లీ లెక్క రాశాడు.

"దూడకు తల్లిలో సగం, తండ్రిలో సగం వస్తాదప్పా. నీ ఆవు చిట్టిది పన్నెండణాల పుంగనూరు రక్తం. పద్నాలుగణాల కోడెతో కట్టిస్తే రెండూ కలిపి ఇరవయ్యారు, సగం పదమూడు. ఫారమోళ్లకు పద్నాలుగణాల దూడ కావల్ల. అంటే రెండూ కలిపి ఇరవై ఎనిమిది రావల్ల. అందులో చిట్టి పన్నెండు తీసేయ్. ఎంత?"

"పదహారు."

"అంతే. పదహారుకు ఒక్క అణా తగ్గినా పనికిరాదు."

పదహారణాలంటే ఏ కలగలుపూ లేని అసలు పుంగనూరు పొట్టి జాతి. అలాంటి కోడె కోసమే పొద్దున్నుంచి ఈ తిరుగుడు. వరసగా రెండేళ్లు వానల్లేక గంగులప్ప గడ్డివామి అడుగంటింది, కొట్టంలో మిగిలింది చిట్టి ఒక్కటే. పద్నాలుగణాల దూడ పుట్టేలా కట్టించినట్టు ఆస్పత్రి చీటీ ఉంటే చాలు, ఆ ఆవును సర్కారు ఫారం తీసుకుని మేపుతుంది. ఒట్టి పన్నెండణాల ఆవును గేటు కూడా దాటనివ్వదు. అప్పుడిక శుక్రవారం సంతకు వచ్చే కేరళ లారీయే గతి. ఆ లారీ ఎక్కిన పశువు ఏమవుతుందో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

చిట్టి తండ్రి పదహారణాల కోడె. తల్లి గౌరి ఎనిమిదణాలది. కలిపి సగం చేస్తే పన్నెండు. గౌరి కాస్త ఎక్కువ పాలిచ్చేది కాబట్టి అందులో సగం జెర్సీ ఉంటుందని గంగులప్పే ఆస్పత్రి కాగితంలో రాయించాడు.

ఎనిమిది నెలల తర్వాత ఈ పొద్దే చిట్టి ఎదకు వచ్చింది. సాయంత్రం దాటితే మళ్లీ మూడు వారాలు ఆగాలి, అన్నాళ్లు గడ్డి లేదు. ఆస్పత్రిలో కోడె లేకుండా కడుపు నిలిపే సూది వేయిద్దామంటే ఉన్నవన్నీ జెర్సీవే. అందుకే పాపం జయరావు మోపెడ్ మీద ముందు, మూడడుగుల ఆవును తోలుకుంటూ గంగులప్ప వెనక, ఊరూరా పడ్డారు. మొదటి ఊరి కోడె పద్నాలుగణాలదే. రెండో ఊళ్లో యజమాని తనది అసలు జాతేనని ఒట్టు పెట్టాడు గానీ, ఆ కోడె జయరావు భుజం దాకా ఉంది. మూడో ఊరి కోడెకు పోయిన నెలే విత్తులు కొట్టించి మడక దున్నడానికి కట్టేశారు.

ఇక మిగిలింది పాకాల అవతల చంద్రకాంతమ్మ ఇంటి కోడె. తిరుపతి నుంచి డాక్టర్లు వచ్చి, రక్తం పరీక్ష చేసి, పదహారణాలదని తేల్చి, చెవికి పసుపు బిళ్ల వేసి పోయారు. ఆ బిళ్ల కంటపడగానే గంగులప్పకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎండ అప్పటికి చింతచెట్టు వెనక్కి జారింది.

చంద్రకాంతమ్మ మంచి మనిషి. కోడె తలుగు తాడు విప్పడానికి లేచి, కోడెలున్నవాళ్లు అందరూ అడిగినట్టే, ఆవు ఎవరింట్లో పుట్టిందో అడిగింది. గంగులప్ప ఊరి పేరు, వాళ్ల నాయన చిన్నబ్బ పేరు చెప్పాడు. ఆమె చెయ్యి తలుగు మీదే ఆగిపోయింది.

"ఈ ఆవు పేరు చిట్టి గదా?"

"అవునమ్మా."

"దీని తొలి ఈత దూడే ఈ కోడె. మా ఆయన మీ నాయన దగ్గర తోలుకొచ్చినాడు. తల్లి మీదికి కొడుకును తోలేది మా ఇంట్లో జరగదప్పా."

గంగులప్పకు తొలి దూడను నాయన ఎవరికో ఇచ్చాడని తెలుసు గానీ ఎవరికో తెలియదు. ఎవరికీ చెప్పనన్నాడు, లారీ సంగతి చెప్పాడు, ఆమె కాళ్లు పట్టుకున్నాడు. చంద్రకాంతమ్మ కళ్లు తుడుచుకుంది గానీ తలుగు మాత్రం విప్పలేదు. ఊరికి తెలియకపోయినా తనకు తెలుస్తుంది కదా అంది. ఇంకెక్కడికి పోవాలో దిక్కుతోచక గంగులప్ప నేల మీద కూలబడి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

జయరావు మాత్రం కోడె చెవి బిళ్లనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి పుల్ల తీసుకుని మట్టిలో ఏదో గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"లేయ్, గంగులప్పా. ఈ కోడె పదహారు. దీని తల్లి చిట్టి. తల్లి పన్నెండైతే, తండ్రి ఎంత గొప్పదైనా కొడుకు పద్నాలుగు దాటడు. కొడుకు పదహారైనాడంటే తల్లీ పదహారే. మనం రాసిందే తప్పప్పా. ఇంక కోడె వద్దు, కడుపూ వద్దు. రేపు పొద్దున్నే ఫారానికి తోలకరా, అసలు జాతి ఆవు కాబట్టి చిట్టిని ఉన్నపళాన తీసుకుంటారు."

గంగులప్ప చిట్టి మెడ వాటేసుకున్నాడు. ఈసారి ఏడుపు వేరే. చంద్రకాంతమ్మ గబగబా లోపలికి పోయి కుడితి తెచ్చి పెట్టింది. రోజంతా నడిచిన ఆవు మూతి ఎత్తకుండా తాగుతుంటే, అతను దాని వీపు నిమురుతూ కూర్చున్నాడు. కాసేపటికి నిమిరే చెయ్యి ఆగింది.

"అట్లయితే గౌరి ఎంత సారూ?"

"అదే లెక్కప్పా. చిట్టి పదహారంటే గౌరి కూడా పదహారే," జయరావు హుషారుగా మోపెడ్ స్టాండు తీశాడు. "ముసలిదైనా పర్వాలేదు, దాన్ని కూడా తోలకరా."

"పోయిన శుక్రవారం నేనే దాన్ని లారీ ఎక్కించినాను సారూ," అన్నాడు గంగులప్ప.