తుపాకి మీద మరకలు

ఎనిమిదేళ్లుగా వెతుకుతున్న రైఫిల్ తుపాకులమ్మే షాంటిలీ గన్ షోలో కంటబడింది. మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారై, మన పోలీసుల భుజాలెక్కి, ఎలాగో అమెరికా చేరింది. నాకు సిటిజన్‌షిప్ కూడా వచ్చేసింది. కొనుగోలు ఫారం నింపడానికి పెన్ను తీశాను.

అమ్మేవాడు నములుతున్న పొగాకును కాఫీ కప్పులోకి ఉమ్మి, ఇంగ్లీషులో గుసగుసగా అన్నాడు.

“ఈ మరకలు చూశావా? రక్తం. మనిషి రక్తం. అందుకే తుడవకుండా ఉంచా.”

తుపాకి మడమ మీద మూడు ఎర్రటి మరకలున్నాయి. వాటిని బొటనవేలితో ముద్దుగా నిమురుతున్నాడు. వీళ్లేం మనుషులు! ఎవడి చావునో చూపించి సరుకు అమ్ముకుంటారా?

నా భార్య సుభాషిణి కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

“రక్తమేంటండీ, నా మొహం! చుట్టూ పసుపు కనబడట్లా? దసరాకి ఆయుధపూజ చేసి ఏ కానిస్టేబులో పెట్టిన బొట్లివి. కుంకుమండీ!”

అతనికీ ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. అతని మొహం మాడిపోయింది.

“సరే, రేటు తగ్గిస్తా” అన్నాడు.

సుభాషిణి ఆ బొట్లను తాకి వేళ్లు కళ్లకద్దుకుంది. “తీసేస్కోండి. మనింటికి రావాలని రాసిపెట్టుంది.”

నేను పెన్నుకు మూత పెట్టేశాను. ఇందాకటి రైఫిలే, ఇప్పుడు చేతిలో ఉత్త కర్రలా ఉంది.

“నిజంగా రక్తం అంటిన రైఫిల్ ఇంకోటుందా?”

అడిగింది నేనే.