రాతి కింద తల్లి

“ఆ రాయి మీద చెయ్యి వెయ్యకండి సార్” అంది పరిశోధకురాలు.

అభయారణ్యం డైరెక్టర్ నవ్వాడు. పక్కనే మెడలో కెమెరాతో ఆయన కొత్తల్లుడు. “ఒక్క ఫోటోనే కదమ్మా. జెర్రికి కూడా దిష్టి తగులుతుందా ఏంటి?”

ఆమె కోపం మింగి మళ్లీ చెప్పింది. వెదురు పొదల్లో, గడ్డి మైదానంలో, ఆకురాలే అడవిలో ఒక్కోచోట ఒక్కో రకం జెర్రి దొరికింది. ఈ నీలికాళ్లది మాత్రం వాగు ఒడ్డున తప్ప ఎక్కడా లేదు. గుడ్లను చుట్టుకుని పడుకున్న తల్లి ఈ రాయి కింద ఉన్న ఇదొక్కటే. పిల్లలు బయటికొస్తే ఇవి ఇక్కడే పుడుతున్నాయని రుజువవుతుంది, ఈ ఒడ్డు మీదుగా సందర్శకులకు వెయ్యబోయే బాట ఆగుతుంది.

“బెదిరితే గుడ్లు దక్కవు సార్.”

“నువ్వు చూడలేదూ?”

చూసింది, ఒక్కసారే. ఆ తర్వాత రాయి ముట్టుకోలేదు. ఆ మాటే చెప్పింది.

“నువ్వు చూడొచ్చు, మేం చూడకూడదు. అడవేమన్నా నీ పుట్టిల్లా?”

అల్లుడు జంకాడు. “వద్దులెండి మామయ్యగారూ.” మామగారికి అది మొహమాటంలా తోచింది. వంగి, తనే రాయి ఎత్తాడు.

జెర్రి పారిపోలేదు. గుడ్లను ఇంకా బిగించి చుట్టుకుని, తల వాటి మీదికి వంచింది. కెమెరా టకటకలాడింది.

“చూశావా, ఎంత నిబ్బరంగా ఉందో. పిల్లల్ని ముద్దాడుతోంది. ఊరికే రాద్ధాంతం చేశావు.”

“రాయి దించండి.” ఈసారి ఆమె సార్ అనలేదు.

పిల్లలు రావలసిన రోజుల్లో ఆమె మళ్లీ రాయి ఎత్తింది. కింద తడి మట్టి తప్ప ఏమీ లేదు. బూట్ల బురదైనా దులుపుకోకుండా నేరుగా ఆఫీసుకి నడిచింది. దారి పొడవునా ఆయన్ని అనాల్సిన మాటలు కూడగట్టుకుంది.

గేటు దగ్గర కొత్త బోర్డు నిలబెడుతున్నారు. ఇంటి గోడంత ఫోటో. పైన పెద్దక్షరాలతో ‘అమ్మ ముద్దు’, కింద ‘వాగు ఒడ్డు బాట త్వరలో’. డైరెక్టర్ అల్లుడి భుజం తడుతున్నాడు.

“రామ్మా, నీ జెర్రి ఎంత ముద్దొస్తోందో చూడు.”

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లి, ఫోటోలో జెర్రి తలను తేరిపార చూసింది.

“మీరే దగ్గరికెళ్లి చూడండి.”

ఆయన నవ్వుతూనే వెళ్లాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

తల్లి కోరల మధ్య, సగం నమిలిన గుడ్డు.