బాయిలర్ ఫైలు

మేడ్చల్ ఫ్యాక్టరీ ఆఫీసులో చీకటి పడ్డాక కంపెనీ వకీలు రోజారాణి ఒక్కతే మిగిలింది. కంపెనీ వకీలంటే ఒకప్పుడు కోర్టు వాయిదాలకు తిరిగేవాడు. ఫైళ్ల మీద మాత్రం చూడకుండానే ‘చూశాను’ అని రాసేవాడు. ఈ ఏడాది, 2006 నుంచి, వకీలు సంతకం లేనిదే ఏ పనీ మొదలుకాదు. రేపు పొద్దున కొత్త బాయిలర్ వెలిగించాలన్నా ఆమె సంతకం పడాలి.

బాయిలర్ ఫైలు చివరి పేజీ తిప్పింది. సంతకం చోట ఆకుపచ్చ సిరాతో ‘చూడలేదు’ అని ఉంది. కింద వెంకటనర్సయ్య పొట్టి సంతకం. ఆమెకు ముందు పాతికేళ్లు ఇదే కుర్చీలో కూర్చున్న వకీలు ఆయన. చనిపోయి రెండేళ్లయింది.

బీరువాలోంచి పాత ఫైళ్లు తీసి పోల్చింది. అదే చేతిరాత. వాటన్నిటి మీదా ‘చూశాను’ అనే ఉంది.

కొత్త మాటను వేలితో తాకితే సిరా అంటుకుంది. భయం కన్నా ముందు, ఆయన ఏం చూడలేదో తెలుసుకోవాలనిపించింది.

నెల కింద చేరిన వాచ్‌మన్‌ను పిలిచింది. "పరమేష్, బాయిలర్ షెడ్డు తాళాలు జర తీస్కరా."

"తాళాలెందుకు మేడమ్? తెరిచే ఉన్నది," అన్నాడు పరమేష్. "జేబుల పచ్చపెన్ను వెట్టుకున్న పెద్దసారు లోపట్నే ఉన్నరు. మీరొస్తరని టార్చి వట్టుకోని నిలవడ్డరు."