సున్నా పక్కన తొమ్మిది

సరిగ్గా పదింటికి ఊళ్లో ఫోన్లన్నీ ఒక్క క్షణం మూగబోయి, కొత్త నంబర్లతో మళ్లీ మోగాలి.

పది కావడానికి ఇరవై నిమిషాలుందనగా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ కౌంటరు దగ్గర ఒక పెద్దాయన పేచీ పెట్టాడు.

"నా నంబరు మార్చడానికి వీల్లేదు!"

గొడవ విని ఇంజనీరు మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు. వారం రోజులుగా అతనికి తిండి మీద ధ్యాస లేదు, కాళ్లు నేల మీద ఆనడం లేదు. నాలుగంకెల నంబర్లు పోయి ఐదంకెలవి వస్తున్నాయి. పాత యంత్రాలు పోయి కొత్తవి వస్తున్నాయి. సాయంత్రం దాకా ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే పెద్ద ఎక్స్ఛేంజీకి అతన్నే అధికారిగా వేస్తానని పెద్దసారు మాటిచ్చాడు.

"ఏంటండీ మీ బాధ?"

"నాది 2349 బాబూ. దాన్ని అలాగే ఉంచండి."

"ఊరందరివీ మారుతుంటే మీదొక్కటీ ఎలా ఉంచుతామండీ?"

"పోనీ, ఆస్పత్రికి ఏ నంబరిచ్చారు?"

ఇంజనీరు ముఖం వెలిగిపోయింది. ఆ నంబరు అతను స్వయంగా ఎంచి పెట్టింది.

"50000! పసిపిల్లాడికైనా ఇట్టే నోటికొస్తుంది. ఎలా ఉంది?"

పెద్దాయన మెచ్చుకోలేదు. చూపుడువేలితో గాల్లోనే డయలు తిప్పి చూసుకున్నాడు.

"అన్నీ సున్నాలేనా! అయితే నాకు 50009 ఇప్పించండి."

కౌంటరు గుమాస్తా కిసుక్కున నవ్వింది. "తాతగారికి ఫ్యాన్సీ నంబరు మోజు పుట్టింది సార్!"

"మోజు కాదమ్మా. జనం కంగారులో..."

"కంగారేం అక్కర్లేదు," ఇంజనీరు మాట మధ్యలోనే అందుకున్నాడు. "కొత్త మిషను తప్పు చేయమన్నా చేయదు. యాభైతో మొదలయ్యే నంబర్లు మాత్రం ఇళ్లకి ఇవ్వం. రూలు."

పెద్దాయన గోడ గడియారం వైపు చూశాడు.

"అయితే నాకిక ఫోనెందుకు? వదిలేస్తున్నట్టు రాసిచ్చేస్తాను. మా అక్క పదకొండేళ్లుగా తన దగ్గరికొచ్చి ఉండమంటోంది, ఇల్లు కదలడానికి కుదర్లేదు. పన్నెండింటి బస్సుకి వెళ్లిపోతాను."

ఇంజనీరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఫోను కోసం ఆరొందల మంది క్యూలో ఉన్నారు మరి! వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

"శుభం! ఇక్కడ సంతకం పెట్టండి."

సిరా ఆరకముందే ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించి, మళ్లీ మెట్లెక్కేశాడు.

కొత్త హాల్లో బీరువాల్లాంటి యంత్రాలు బారులు తీరి ఉన్నాయి. వేళ కాకముందే పనిలో పడకుండా ప్రతి స్విచ్చు నోట్లో ఒక చెక్కముక్క దోపి ఉంది. వరసలోని ముక్కలన్నిటికీ కలిపి ఒక తాడు. వరసకో మనిషి తాడు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఇంజనీరు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ఈల మోగింది.

"లాగండి!"

చెక్కముక్కలు వడగళ్లలా నేల రాలాయి. పాత యంత్రాల హాలు ఒక్కసారిగా మూగబోయింది. కొత్త హాల్లో ముందు ఒక స్విచ్చు టిక్కుమంది, తర్వాత పది, తర్వాత వందలు. చూస్తుండగానే హాలంతా టకటకలాడింది.

"బతికింది సార్! బతికింది!"

ఒకళ్లనొకళ్లు కౌగిలించుకున్నారు. పెద్దసారు కూడా నలుగురితో పాటు చప్పట్లు కొట్టాడు. పదకొండైంది, పన్నెండైంది. ఫిర్యాదుల పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు. ఇంజనీరు ఆనందం పట్టలేక ఆ ఖాళీ పేజీని అందరికీ తిప్పి చూపించాడు.

ఒంటిగంటకి ఫోను మోగింది.

"ఎక్స్ఛేంజీయేనా? ఆస్పత్రి నుంచి నర్సుని. మీ డ్యూటీ ఆయన ఇవాళ రాలేదా?"

"ఏ డ్యూటీ ఆయన సిస్టర్?"

"అదేనండీ, 2349లో కూర్చునే ఆయన. పొద్దుట్నుంచీ ఆయన దగ్గర్నుంచి ఒక్క ఫోనూ రాలేదు."

ఇంజనీరు నవ్వు ఆగిపోయింది. "ఆయన మీకెందుకు ఫోను చేస్తాడు?"

"అదేంటండీ అలా అడుగుతారు! మా పాత నంబరు 2340 కదా. ఇంట్లో ప్రాణం మీదికొస్తే ఎవరికైనా వేలు వణుకుతుంది. డయల్లో అన్నిటికన్నా చివర ఉండే సున్నాని పూర్తిగా తిప్పకుండా వదిలేస్తారు, అది పక్కనున్న తొమ్మిదికి పడుతుంది. అలాంటివన్నీ ఆయనకే వెళ్లేవి. ఆయన వాళ్లకి ధైర్యం చెప్పి, అడ్రసు రాసుకుని మాకు చెప్పేవాడు. మేం వ్యాను పంపేవాళ్లం. రోజుకి రెండో మూడో ఉండేవి. ఇవాళ ఇద్దరు తండ్రులు బిడ్డల్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చారు. కొత్త నంబరు తిప్పితే ఎవరూ ఎత్తలేదట, ఏదో కూత మాత్రం వినిపించిందట!"

"పిల్లలు..."

"దేవుడి దయ, గండం గడిచింది. రేపు ఇంకొకరు అంత వేగంగా పరుగెత్తగలరో లేదో! పదకొండేళ్లలో ఆయన ఒక్కసారైనా విసుక్కోలేదండీ. ఎక్స్ఛేంజీ వాళ్లు ఎంత మంచి మనిషిని వేశారో అని మా డాక్టరుగారు ఎప్పుడూ మెచ్చుకుంటారు. ఇంతకీ ఆయన మీ ఆఫీసులో ఏ గదిలో కూర్చుంటాడు?"

ఇంజనీరు గడియారం వైపు చూశాడు. బస్సు వెళ్లి గంట దాటింది.

ఎవరూ వేయని డ్యూటీని పదకొండేళ్లు ఒక్కరోజైనా సెలవు పెట్టకుండా చేసిన మనిషిని, పొద్దున తానే చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించానని ఆమెకి ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.