కొండలమ్మ ఇచ్చిన కంబళి

"అటు వద్దు సార్," అన్నాడు ఎల్లారావు.

బట్టల మూటలతో నిండిన రిక్షా బందరు కాలవ వంతెన దగ్గర ఆగింది. దానికి కట్టిన గుడ్డ మీద 'తూర్పు బెంగాల్ శరణార్థులను ఆదుకోండి' అని ఎర్ర అక్షరాలు. 1971 అక్టోబరు అది. వారం రోజులుగా ఆ రిక్షా వెంట కాలేజీ పిల్లలు బెజవాడలో గడప గడపా తిరుగుతున్నారు.

"ఎందుకొద్దు?" అన్నారు చరిత్ర లెక్చరర్ అబ్దుల్ రవూఫ్ గారు.

"ఆ గట్టున ఉన్నవన్నీ రంగం వాళ్ళ గుడిసెలండి. బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు. వాళ్ళనేం అడుగుతాం?"

"అడక్కుండా పోతే, వాళ్ళ చేతులు ఇచ్చే చేతులు కావని మనమే తేల్చేసినట్టు. పద."

నిజానికి ఆ జట్టుకి ముందు నడిచేది ఎల్లారావే. గవర్నర్‌పేట మేడల ముందు నిలబడి అతను మాట్లాడుతుంటే, తలుపులు వేసుకోబోయినవాళ్ళు కూడా ఆగేవారు. గంజి కోసం వానలో నిలబడటం ఎలా ఉంటుందో, పేరు పెట్టి కాక నంబరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుందో చెప్పేవాడు. విన్న ఇల్లాళ్ళు లోపలికెళ్ళి బీరువాలు తెరిచేవారు.

"కళ్ళారా చూసొచ్చినట్టు చెబుతారండీ," అనేది జట్టులోని గంగారత్నం.

"పేపర్లో చదివానండీ," అనేవాడు.

ఆ రోజు మాత్రం రిక్షా వెనక్కి చేరాడు. గంగారత్నం అతని పక్కకి వచ్చింది.

"మీది కంకిపాడే కదండీ? వచ్చే ఆదివారం మీ ఊరు వెళ్దామా? మీ నాన్నగారు ఒక మాట చెబితే బస్తాలకొద్దీ బియ్యం వస్తాయి."

"కోతల రోజులండీ. ఎవరూ దొరకరు."

"అక్టోబరులో కోతలేంటండీ! మా కూచిపూడి వైపు చేలింకా పొట్ట మీదున్నాయి," అని నవ్వింది.

ఎల్లారావు మొహం కందిపోయింది. రిక్షా జారుతున్నట్టు చక్రం మీద చెయ్యి వేశాడు.

మూడో గుడిసె ముందు ఒకామె అట్లు పోస్తోంది. వీళ్ళని చూసి గబుక్కున లేచింది. మొహం విప్పారింది. ఏదో అనబోయింది. అంతలోనే ఎందుకో ఆగి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడిపోయింది.

రవూఫ్ గారు వచ్చిన పని చెప్పడం మొదలుపెట్టారు. రెండు మాటలైనా కాకముందే ఆమె తల ఊపింది.

"మాకు చెప్పక్కర్లేదు బాబూ."

లోపలికి వెళ్ళి నల్లటి ఉన్ని కంబళి తెచ్చింది.

"ఓడ దిగిన రోజు నేను వణికిపోతుంటే ముక్కూ మొహం తెలీనివాళ్ళెవరో కప్పారండి. ఏడేళ్ళయింది. ఇంకా చిరగలేదు."

"చలికాలం ముందుందమ్మా. మీకో?"

"వాళ్ళకీ అదే చలి కదండీ."

రవూఫ్ గారు కంబళి రెండు చేతులతో అందుకున్నారు. ఇచ్చినవాళ్ళ పేర్లు కాలేజీ బోర్డు మీద పెట్టాలని ఆయన నియమం.

"ఎల్లారావూ, ఇటు రా. ఈమె పేరు రాసుకో."

ఎల్లారావు వచ్చాడు. తల ఎత్తలేదు.

"పేరేంటమ్మా?" అన్నాడు.

పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది.

"కొండలమ్మ అంటారండి," అంది చివరికి.

ఆ 'అండి'కి ఎల్లారావు పెన్ను ఆగిపోయింది. కొండ అని రాసి, మిగతా అక్షరాలకి చాలాసేపు పట్టింది.

"ఒక్కరే ఉంటారామ్మా?" అని అడిగారు రవూఫ్ గారు.

"కొడుకుండేవాడండి. తప్పిపోయాడు."

"అయ్యో," అంది గంగారత్నం. "ఓడ దిగేటప్పుడు జనంలోనా?"

"కాదు తల్లీ. ఓడలో ఉన్నన్నాళ్ళూ నా కొంగు వదల్లేదు. ఈ బెజవాడ వచ్చాకే తప్పిపోయాడు."

రవూఫ్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పేరూ ఆనవాళ్ళూ చెప్పండమ్మా. మా పిల్లలు ఊరంతా తిరుగుతున్నారు, వెతుకుతారు. రాసుకో ఎల్లారావూ."

ఎల్లారావు పెన్ను కాగితానికి ఆనించాడు. చెయ్యి కదల్లేదు. సిరా మచ్చ పెద్దదవుతోంది. ఆ కాలవలోకి దూకేస్తే బాగుండుననిపించింది.

"వెతకొద్దులెండి బాబూ," అంది కొండలమ్మ. "వాడే వస్తాడు."

మళ్ళీ పెనం ముందు కూర్చుని, మాడిన అట్టు గీకసాగింది.

ఆ తర్వాత పది ఇళ్ళ ముందు ఆగారు. ఒక్కచోట కూడా ఎల్లారావు నోరు పెగల్లేదు. గంగారత్నమే తడబడుతూ మాట్లాడింది. వంతెన దగ్గరికి తిరిగి వచ్చాక అతను రవూఫ్ గారి దగ్గరికెళ్ళాడు.

"సార్, ఆ కంబళి ఆమెకి తిరిగిచ్చేద్దాం."

"నీ మనసు నాకు తెలుసు ఎల్లారావూ. కానీ ఇచ్చేస్తే ఆమెని అవమానించినట్టే."

అవమానం అన్న మాట దగ్గర ఎల్లారావు తల ఇంకా కిందికి దిగింది. అందరూ కాలేజీ వైపు కదిలినా అతను మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి ఆగిపోయాడు.

గట్టు మీద దీపాలు పెట్టే వేళకి అతను తల వంచుకుని ఆ మూడో గుడిసెలో అడుగుపెడితే, "వచ్చావా నాన్నా, కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను," అంది, రోజూ అనే మాటే, అతని అమ్మ.