దించకూడని బుట్ట

"దించకే గుంటా! దించితే పోద్ది!" అని తండ్రి భీముడు అరుస్తూనే ఉన్నాడు. కృపావతి అప్పటికే తాడు వదిలేసింది.

సిల్వర్ ఓక్ చెట్టు కొమ్మ మీదుగా వేసిన తాడు సర్రున జారింది. చివర కట్టిన వెదురు బుట్ట కిందికొచ్చింది. బుట్టలో ఫోను 'టుంగ్'మని మోగి ఊరుకుంది. తెర మీద కళ్ళజోడు ప్రొఫెసర్ మొహం, నోరు సగం తెరిచి, అలాగే బిగుసుకుపోయింది.

"నా మాట వాళ్ళకి వినపడతందో నేదో సూద్దామని, అయ్యా..."

"సూసీసినావు గదా. ఇప్పుడేటి?"

ఆ ఊళ్ళో సిగ్నలు నేల మీద దొరకదు. కాఫీ తోటలో ఈ ఒక్క చెట్టు మీద, పదిహేనడుగుల ఎత్తున దొరుకుతుంది. ఎవరితో మాట్లాడాలన్నా స్పీకరు పెట్టి, ఫోను బుట్టలో వేసి, పైకి లాగి, తాడు మొదలుకి కట్టి, కింద నిలబడి కేకలెయ్యాలి. మాట అయ్యేదాకా బుట్ట ముట్టుకోకూడదని ఊళ్ళో ముసలమ్మలకు కూడా తెలుసు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన కృపావతికే చెయ్యి ఆగడం లేదు.

హైదరాబాదులో పరిశోధన సీటు ఒకటే ఉంది. ఇంటర్వ్యూ మధ్యలో లైను తెగడం ఇది రెండోసారి. ఇంకోసారి తెగితే తర్వాతివాళ్ళను పిలుస్తామని ప్రొఫెసర్ ఇంగ్లీషులో ముందే చెప్పేశాడు.

ఆమె పళ్ళు బిగించి నంబరు మళ్ళీ నొక్కి, ఫోను బుట్టలో వేసి తాడు లాగింది. బుట్ట పైకెళ్ళాక లైను కలిసింది. పైనుంచి ప్రొఫెసర్ గొంతు, అదే ఇంగ్లీషులో, అదే ప్రశ్న. విడివిడిగా ఓడించే రెండు పందెపు ఆటలు, కలిపి ఆడితే ఎలా గెలిపిస్తాయి? దాంట్లో క్వాంటమ్ ఏం చేస్తుంది?

కృపావతి మెడ నిక్కించి ఆకుల్లోకి చూస్తూ జవాబు మొదలుపెట్టింది. రాత్రంతా బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యాల్లో మూడోది గుర్తు రాలేదు. నాలుగోదానికి దూకింది. అది అతకలేదు. మళ్ళీ మొదటికొచ్చింది.

"సార్, వినపడుతోందా? సార్!"

పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంకో రెండుసార్లు అరిచింది. గొంతు బొంగురుపోయింది తప్ప జవాబు రాలేదు.

"అయిపోయింది. మూడోసారి కూడా తెగిపోయింది." చెట్టు మొదట్లో కూలబడింది. "ఇంక ఆళ్ళు పిలవరు."

భీముడు కాఫీ పళ్ళ బుట్ట పక్కన పెట్టి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఆ ఆటేటో నాకు సెప్పు."

"నీకేటి సెప్పేది? నన్నొగ్గీ!"

"పొద్దుట్నుంచి సెట్టుకి సెప్తన్నావు. నాకు సెప్తే తప్పా?"

కృపావతికి ఒళ్ళు మండింది. మండిన ఒంటితోనే పుల్ల తీసుకుని నేల మీద రెండు గీతలు గీసింది.

"రెండు పందేలున్నాయి. బొమ్మా బొరుసే గానీ, నాణేలు దొంగవి. మొదటి పందెం ఆడితే ఓడిపోతావు. రెండోది ఆడినా ఓడిపోతావు."

"ఆడకుండా ఇంటికొచ్చీడమే."

"రెండూ మార్చి మార్చి ఆడితే గెలుత్తావు!"

"ఊరుకోయే. రెండు కుంటెడ్లని కడితే నాగలి నడుత్తాదా?"

"నడుత్తాది! మన కొండ మెట్ట ఎక్కడానికి రెండు దార్లున్నాయి గదా. వానల్లో ఎడం దార్లో బండ కాడ జారతాం. కుడి దార్లో ఊట కాడ జారతాం. ఏదో ఒక్క దారే పట్టుకుంటే కిందకే వత్తాం. బండ రాకముందు కుడి దార్లోకి, ఊట రాకముందు ఎడం దార్లోకి మారితే?"

భీముడు గీతల మీద వేలు అటూ ఇటూ మారుస్తూ పైదాకా జరిపాడు. "ఎక్కీసినట్టే."

"అదే ఆట. నా సదువేటంటే, ఎక్కేవోడు మనిషి కాదు. కంటికి ఆనని రవ్వ. ఆడు ఒక్కపాలే రెండు దార్లలోనూ ఉంటాడు."

"దెయ్యమా?"

"దెయ్యం కాదు, అయ్యా! ఆడి నడకే అంత. మజ్జిలో మనం తొంగి సూసినామా, ఏదో ఒక దార్లోకి వచ్చీసి, మనలాగే జారిపోతాడు. అందుకే ఆట అయ్యేదాకా సూడకూడదు."

భీముడు తలెత్తి చెట్టు వైపు చూశాడు. "ఇంత తెలిసినదానివి, ఇందాక బుట్టెందుకు దించినావే?"

ఆమెకు ఇంకా కోపం వచ్చింది. పుల్ల విరిచి అవతల పారేసింది.

"ఎందుకంటే, ఆ కళ్ళజోడాయన! పంచదార నేని కాఫీ తాగినట్టు మొహం పెడతాడు. ఆ మొహం సూసేసరికి వచ్చిందీ మర్సిపోయినాను. ఇలా నీకు సెప్పినట్టు సెప్పనిస్తే నాకేటి భయం? ఒక్క ముక్క తడబడతానా?"

"తడబడవు," అన్నాడు భీముడు. "నాకే తెలిసింది."

"నీకు తెలిస్తే సీటిత్తారేటి!" కళ్ళు తుడుచుకుని లేచింది. చెట్టు మొదట్లో ముడి విప్పబోయింది. "పద. ఈ బుట్ట దించీసి ఇంటికి పోదాం."

అప్పుడు, అంతవరకూ ఇంగ్లీషు తప్ప పలకని గొంతు ఆకుల్లోంచి అచ్చ తెలుగులో కంగారుగా అరిచింది. "దించకమ్మా, దించకు! మా మాటే నీదాకా రాలేదు గానీ, నువ్వు చెప్పిందంతా విన్నాం! ఆ పంచదార లేని కాఫీ తాగినాయన్నే మాట్లాడుతున్నాను, ఎప్పుడొచ్చి చేరాలో చెప్పనియ్యి!"